బదులుకు రాసిన అసైన్‌మెంటు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకేమీ జుట్టు నెరవలేదు. డిగ్రీ అయి పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. అయినా ఇప్పటి పిల్లలు అసైన్‌మెంటు ప్రశ్నను ఫోనుకు చూపించి, ఫోను చెప్పిన జవాబును తాపీగా దించుకోవడం చూస్తుంటే, మేము పడ్డ పాట్లు తాతల కాలం నాటివేమో అనిపిస్తుంది. మా కాలంలోనూ ఫోన్లున్నాయి. కాకపోతే మా ఊళ్లో సిగ్నలు పంచాయతీ ఆఫీసు మెట్ల మీద తప్ప సరిగ్గా దొరికేది కాదు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోనేమో నాయన చొక్కా జేబులో ఉండేది. అందుకని మేము జవాబుల కోసం ఫోన్లను కాక ఒకరినొకరు నమ్ముకున్నాం. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో నేనింకా తేల్చుకోలేదు.

మా ఊరు నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద వెళ్లే దారిలో ఉంటుంది, ఇంకాస్త పోతే కర్ణాటకే. మా అమ్మ ఆ అవతలి వైపు నుంచి కోడలిగా వచ్చింది, అందుకే కోపం వస్తే కన్నడంలోనూ నవ్వొస్తే తెలుగులోనూ మాట్లాడుతుంది. ఖేడ్‌లో ఉన్న డిగ్రీ కాలేజీకి వెళ్లాలంటే మాకు షేర్ ఆటోయే దిక్కు. ఆటో నిండితే గానీ కదలదు. నిండటమంటే సీట్లు నిండటం కాదు, డ్రైవరుకు తన కాలు ఎక్కడుందో తనకే తెలియకపోవడం. ఆ ఆటోలో పొద్దున ఎక్కే కాలేజీవాళ్లం ఏడుగురం, దారిలో ఉన్న నాలుగు ఊళ్ల వాళ్లం. నేను బీఏ. బీకాం చదివే ఒకడిని ట్యాలీ అనేవాళ్లం, ఎందుకంటే వాడికి ఏ లెక్కా టాలీ అయ్యేది కాదు. బీఎస్సీ చదివే ఒక అక్క ఉండేది, పెళ్లయ్యాక అత్తగారింటి నుంచి చదువుకుంటున్న మనిషి. ఆమె బెంజీన్ అక్క. మిగతా నలుగురూ ఈ కథలో రాయడమే గానీ మాట్లాడింది లేదు, కాబట్టి వాళ్లను వెనక సీట్లోనే కూర్చోనిద్దాం.

మా వాడకట్టు నుంచి డిగ్రీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేను. నాయన పంపించాడు కానీ ఒక షరతు మీద పంపించాడు. అంతకు ముందు ఏడాది మా మేనత్త కొడుకు కాలేజీలో ఎవరితోనో కొట్లాడితే కాలేజీవాళ్లు ఇంటికి ఫోను చేసి పిలిపించారు. ఆ పూట మా మామ తలదించుకుని ఊళ్లోకి రావడం నాయన చూశాడు. అందుకే నేను మొదటి రోజు ఆటో ఎక్కే ముందు ఒకే మాట చెప్పాడు. "చదువుకో బిడ్డా, నేనేం అడ్డం రాను. గని కాలేజీ నుంచి నాకు ఒక్క ఫోన్ వచ్చిందనుకో, తెల్లారి నుంచి కంది చేనుకే." నాయన గట్టిగా అరిచే మనిషే గానీ, మెల్లగా చెప్పిన మాటను మాత్రం ఎన్నడూ వెనక్కి తీసుకోడు. ఈ మాట మెల్లగా చెప్పాడు. నాకు కాలేజీ అంటే ప్రాణం. చరిత్ర పాఠాల మీద అంత మక్కువ ఉండి కాదు (ఆ మక్కువ తర్వాత వచ్చింది), 'అది తే, ఇది పెట్టు, బర్రెను విప్పు' అని ఎవరూ అనని గంటలు నాకు జీవితంలో అక్కడే దొరికాయి. వాటిని పోగొట్టుకోకూడదని ఫోను మోగినప్పుడల్లా గుండె పట్టుకునేదాన్ని.

ఇక అసైన్‌మెంట్ల సంగతి. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో సారు, ఒక్కో సారుకు ఒక్కో ప్రశ్న, అన్నీ సొంత చేతిరాతతో కావాలి. మాకేమో ఇంటికి చేరేసరికి పొద్దుగూకేది, ఇంటికి చేరాక మనుషులం కాము, పనిముట్లం. అప్పుడు మా ఆటోలో బదులు పద్ధతి మొదలైంది. మా వైపు కలుపు తీతకు, కంది కోతకు కూలివాళ్లు దొరకనప్పుడు నాలుగిళ్లవాళ్లు కలిసి ఈ రోజు ఒకరి చేనులో, రేపు ఇంకొకరి చేనులో పని చేసుకుంటారు. దాన్నే బదులు అంటారు. డబ్బు మాట ఉండదు. నువ్వు నా చేనుకు వచ్చావు గనక నేను నీ చేనుకు వస్తాను, అంతే. రాలేకపోతే ఇంటి నుంచి ఇంకెవరినైనా పంపాలి. ఎందుకంటే బదులు పడేది మనిషి కాదు, ఇల్లు. మేము ఈ పద్ధతినే అసైన్‌మెంట్లకు పెట్టాం. వంతు వచ్చినవాళ్లు ఆటోలో ఎవరికి ఏ ప్రశ్న వచ్చినా జవాబు తయారు చేసి తేవాలి, మిగతావాళ్లు పొద్దున ఆటో నిండే లోపల తమ చేతిరాతతో దించుకోవాలి. రోజూ కొంచెం కొంచెం చచ్చే కన్నా వారానికి ఒక రోజు పూర్తిగా చావడం మేలని మా లెక్క. 'నాది బీఏ, కెమిస్ట్రీ నాకేం తెలుసు' అని నేను మొదట్లో అన్నాను. "కలుపు తీసేటప్పుడు జొన్న చేనా, కంది చేనా అని అడుగుతమా ఏందే, వంగి తీస్తనే ఉంటం గద," అంది బెంజీన్ అక్క.

అలా నేను బెంజీన్ నిర్మాణం రాశాను. ఆరు మూలల బొమ్మను గీసి, లోపల గీతలు ఎటు పెట్టాలో తెలియక అందంగా ఉండే వైపు పెట్టాను. పక్క నుంచి చూసిన అమ్మ బొంత మీద కుట్టడానికి పువ్వు గీస్తున్నాననుకుని ఇంకో నాలుగు రేకులు పెట్టమంది. ట్యాలీ నాకు కాకతీయుల పాలన రాసిచ్చాడు. అందులో చెరువులు ఆస్తుల కిందా, శత్రువులు అప్పుల కిందా వచ్చాయి, చివరికి రాజ్యం పతనమైనా రెండు వైపులా మొత్తం సమానంగా తేలింది. (వాడి జీవితంలో టాలీ అయిన లెక్క అదొక్కటే.) వంతు వచ్చినవాడికి కుదరకపోతే పద్ధతి ప్రకారం ఇంటివాళ్లు దిగేవారు. ఒకసారి ట్యాలీ వాళ్ల అన్న, మందుల దుకాణంలో పనిచేసేవాడు, అంటే పంటకు కొట్టే మందులు, కప్ప జీవిత చక్రం గురించి రాశాడు. నాలుగు దశలూ చక్కగా రాసి, ఏ దశలో ఏ మందు కొడితే పోతుందో కూడా రాశాడు. ఇంకోసారి నీటి కాలుష్యం మీద బెంజీన్ అక్క వాళ్ల అత్త చెబుతుంటే అక్క రాసింది. ఆ జవాబు మొత్తం పక్కింటివాళ్ల బర్రెల మీదే నడిచింది. ఇవన్నీ ఎలా గట్టెక్కాయంటే, ఆ సార్లు పేజీలు చూసేవారు గానీ పేజీల్లో ఏముందో చూసేవారు కాదు. మేమూ అంతే. దించుకునేటప్పుడు కళ్లు ఒక దారి, చెయ్యి ఒక దారి, బుర్ర ఆటో కిటికీలోంచి బయటికి.

ఒక్క సారు మాత్రం వేరు. అన్ని గ్రూపులవాళ్లకూ కలిపి ఒక పేపరు ఉండేది, దాన్ని ఎకనామిక్స్ సారు చెప్పేవారు. ఆయన పేరు మా దగ్గర ఉదాహరణ సార్. పుస్తకంలో ఉన్నది రాస్తే మార్కులు ఇవ్వరు, "మీ ఊరి నుంచి ఉదాహరణ ఇవ్వండి" అంటారు. పైగా ప్రతి కాగితమూ చదువుతారు. ఆయన ఇచ్చిన ప్రశ్న ఇది: మీ ప్రాంతం నుంచి పని కోసం వలస పోవడానికి గల కారణాలను తగిన ఉదాహరణలతో వివరించండి. మా ప్రాంతంలో ఇంతకన్నా తేలిక ప్రశ్న లేదు. వానలు, ఎండిన బోర్లు, ఏడాదిలో సగం రోజులు పని లేకపోవడం, ఇవి చంటిపిల్లలు కూడా చెబుతారు. వంతు నాది. నేనేమో ఆ సంగతే మరచిపోయి అమ్మతో కలిసి మేనమామ కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగకు అవతలి ఊరికి వెళ్లాను.

నేను లేని ఆ సాయంత్రం ట్యాలీ ఫోను చేస్తే నాయన ఎత్తాడు. వాడు మొదట అన్నది ఒకటే, "రేపు మీ ఇంటి బదులున్నది." ఇంకే మాటన్నా నాయన 'పిల్ల లేదు' అని పెట్టేసేవాడు. కానీ ఇంటి బదులు అనేసరికి ఆయన నిలబడిపోయాడు. మా ఇల్లు ఎవరికీ బదులు ఎగ్గొట్టిన చరిత్ర లేదు. జ్వరంతో ఉన్నా తలకు రుమాలు కట్టుకుని కలుపుకు పోయిన మనిషి ఆయన. పదో తరగతి లెక్కల్లో తప్పినా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఊళ్లో ఎవరికి అర్జీ రాయాలన్నా ఆయన దగ్గరికే వస్తారు. ట్యాలీ చెప్పిన ప్రశ్న రాసుకున్నాడు, చదువుకున్నాడు, వలస అన్న మాట దగ్గర ఆయనకు ఒకే ఒక్కడు గుర్తొచ్చాడు.

మా చిన్నాయన. నాయనకు ఒక్కడే తమ్ముడు. నేను పుట్టక ముందే ఊరు వదిలి పటాన్‌చెరు పోయి, కంపెనీలో పనికి కుదిరి అక్కడే స్థిరపడ్డాడు. గొర్రు విరగ్గొట్టినందుకు నాయన ఏదో అన్నాడనీ (గొర్రు అంటే విత్తనాలు వేసే పనిముట్టు, మా తాత చేయించింది), దానికి అలిగి వెళ్లిపోయాడనీ ఇంట్లో అందరికీ తెలిసిన కథే. నాయన ఈ కథను వినేవాడు దొరికితే చాలు చెప్పేవాడు. అన్నదమ్ములు పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకరు పందిరికి ఈ మూల, ఇంకొకరు ఆ మూల. మాట్లాడుకోరు. ఆడవాళ్లం మాత్రం మామూలుగానే మాట్లాడుకునేవాళ్లం, చిన్నమ్మ నంబరు అమ్మకు కంఠతా వచ్చు. ఊళ్లో ఈ కథ వినేవాళ్లు అయిపోయారు, అందరూ రెండేసి సార్లు విన్నారు. ఇప్పుడు ఏకంగా కాలేజీవాళ్లే కాగితం మీద అడుగుతున్నారు. నాయన కూర్చుని తీరుబడిగా రాసి, పొద్దున్నే ఆటో డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

మరునాడు నేను అమ్మమ్మగారి ఊరి నుంచి బస్సులో నేరుగా ఖేడ్‌లో దిగాను. అప్పటికి మిగతావాళ్లు దించుకోవడం అయిపోయి, గంట కొట్టేలోపు నేనూ రాయాలని ట్యాలీ తన కాగితం నా ముందు పడేశాడు. ఎవరు రాశారని అడగలేదు, వాడు చెప్పలేదు. వాడి రాత కోడి గీరినట్టు ఉంటుంది, అక్షరాలు పోల్చుకోవడానికే ప్రాణం పోతే ఇక అర్థం ఎవడికి కావాలి. చివరి రెండు లైన్లకు గంట కొట్టారు. ఉన్నంత వరకు ఇచ్చేసి, గట్టెక్కానని ఊపిరి పీల్చుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఉదాహరణ సార్ కాగితాల కట్టతో క్లాసులోకి వచ్చారు. ఆయన ముఖంలో కోపం లేదు, ఏదో వింత చూసిన మనిషిలా ఉన్నారు. "ఈ క్లాసులో ఏడుగురికి పెళ్లయిందట. నన్ను ఒక్కరూ పిలవలేదు," అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు చదివారు. "మా ప్రాంతం నుంచి వలస పోవుటకు మొదటి కారణం మాట వినకపోవుట. ఉదాహరణకు మా తమ్ముడు. నా పెండ్లి అయిన ఏడాదే గొర్రు విరగ్గొట్టి, నేను ఒక్క మాట అన్నందుకు, చెప్పకుండా పటాన్‌చెరు పోయినాడు. రెండవ కారణం కోపం. ఉదాహరణకు పైన చెప్పిన తమ్ముడే. మూడవ కారణం, ఇంటికి పెద్దవాడు ఏది చెప్పినా మంచికే అని తెలియకపోవుట. ఉదాహరణకు మరల అతడే. కావున వలసను ఆపవలెనంటే తమ్ముళ్లు అన్నల మాట వినవలెను. ఇట్లు తమ విధేయుడు." దాని కింద మా చేను సర్వే నంబరు. నాయన ఏ అర్జీ రాసినా చివర అది రాయందే ఊరుకోడు. అంకె కనిపిస్తే వదలని ట్యాలీ దాన్ని దించాడు, మిగతావాళ్లూ దించారు. నేనొక్కదాన్ని గంట కొట్టడం వల్ల వదిలేశాను. పెళ్లి కాని నేను, తమ్ముడే లేని నేను, 'నా పెండ్లి అయిన ఏడాదే' అని సొంత చేతిరాతతో రాసి, కింద గీత కూడా గీశాను. ఏడుగురిలో నిజంగా పెళ్లయింది బెంజీన్ అక్క ఒక్కతే. ఆమెకు ఉన్నది ముగ్గురు చెల్లెళ్లు.

క్లాసంతా నవ్వుతోంది. "ఈ సర్వే నంబరు ఎవరిది?" అని సారు అడిగారు. బదులులో ఇంకో కట్టుబాటు ఉంది, పని చెడితే ఎవరి ఇంటి వంతో వాళ్లే ముందుకు రావాలి. లేచి నిలబడ్డాను. "మీ ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడాలి," అన్నారు ఆయన. ఆ సాయంత్రమే ఫోను చేశారు. నాయన పంచాయతీ మెట్ల మీద నుంచి మాట్లాడి వచ్చాడు. గోడకు తగిలించిన కొడవలిని తీసి, దాని పదును బొటనవేలితో చూసి, మళ్లీ తగిలించాడు. ఆయన కంది కోతకే చూసుకున్నాడు, అది కోతల కాలమే. కానీ నాకు ఆ కొడవలి నా పేరు మీద తీసినట్టే అనిపించింది. అమ్మ మాత్రం "బ్యాడ బ్యాడ, పిల్లను చదువు మాన్పించుడు బ్యాడ," అని కన్నడంలోకి వెళ్లిపోయింది. పెళ్లై ఇన్నేళ్లయినా నాయనకు 'వద్దు' అనే ఆ మాటొక్కటి మాత్రం అర్థం కాదు.

మరునాడు నాయన తెల్ల చొక్కా వేసుకుని నాతో పాటు ఆటో ఎక్కాడు. విషయం ఏమిటో సారు ఫోనులో చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు లేదు. మా మేనత్త కొడుకులా నేనూ ఎవరినో కొట్టి ఉంటానని ఆయన ఊహ. సారు గదిలో నాయన కుర్చీ చివర కూర్చున్నాడు. సారు కాగితం తీసి, మొదటి నుంచి చివరి వరకు చదివి, ఇప్పుడు మీరేమంటారు అన్నట్టు చూశారు. నాయన మొదటి కారణం దగ్గర తల ఊపాడు, రెండో కారణం దగ్గర ఇంకా గట్టిగా ఊపాడు, మూడో కారణం అయ్యేసరికి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"మంచిగుంది గద సార్. ఇందుల తప్పేమున్నది?"

"మీ అమ్మాయికి పెళ్లయిందా?" అన్నారు సారు.

"నాకైంది సార్. రాసింది నేనే."

నాయన బదులు సంగతి వివరించాడు. పిల్ల ఊళ్లో లేదనీ, వంతు తప్పితే ఇల్లు మాట పడుతుందనీ, అందుకే తాను దిగాననీ చెప్పాడు. తాను రాసిన జవాబు గురించే తనను పిలిపించారని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది, మాట మధ్యలో ఆగి నా వైపు చూశాడు. కాలేజీ నుంచి ఫోను అయితే వచ్చింది. కానీ తప్పు ఎవరిదో తేల్చి చేనుకు పంపాలంటే తనను తానే పంపుకోవాలి. ఆయన రోజూ వెళ్లేది అక్కడికే.

"చూడండి, ఇది కలుపు తీయడం కాదు. ఎవరిది వాళ్లే రాయాలి," అన్నారు సారు. "ఏడుగురికీ సున్నా వేయాలి. వేస్తే ఇంటర్నల్స్ పోతాయి, ఏడాది పోతుంది."

నాయన ముందుకు వంగాడు. "పని చెడగొట్టింది మా ఇల్లు సార్. మా ఇల్లే మల్ల చేసిస్తది. ఏం తప్పున్నదో చెప్పున్రి, దిద్దుత."

సారు కాగితాన్ని ఇటూ అటూ తిప్పారు. నవ్వు ఆపుకోవడానికేమో అనుకున్నాను, కానీ ఆయన నిజంగానే ఆలోచిస్తున్నారు. "నేను వలస పోయినవాళ్లు ఎందుకు పోయారని అడిగాను. మీరు ఉండిపోయినవాళ్లు ఏమనుకుంటున్నారో రాశారు. మీ తమ్ముడిని అడిగారా?"

"ఆన్ని అడుగుడేంది సార్? నాకెరుకే గద."

"అడగండి. అడిగింది అడిగినట్టు రాసి సోమవారం ఇవ్వండి. మీ ఇంటి నుంచి ఇదొక్కటే చివరి బదులు. ఆ తర్వాత ఎవరిది వాళ్లే."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాయన రెండు ఊళ్లు దాటే వరకు దారి పక్క చేన్లు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత "గీ సార్ పరేషాన్ మనిషి," అన్నాడు. నన్ను చేనుకు పంపుతాడో కాలేజీకి పంపుతాడో ఆ మాటను బట్టి తెలియలేదు. సోమవారం జవాబు ఇవ్వకపోతే నా ఏడాదితో పాటు ఇంకో ఆరుగురి ఏడాదీ పోతుంది. ఇవ్వాలంటే నాయన, నా వయసు కన్నా పాతదైన కోపాన్ని పక్కన పెట్టి తమ్ముడికి ఫోను చేయాలి. రెండూ జరగవనే నాకు నమ్మకం. ఆ శనివారం అంతా కంది కట్టెలు మోస్తూ, ఇక జీవితాంతం ఇదే అలవాటు చేసుకుంటున్నట్టు మోశాను.

ఆదివారం సాయంత్రం నాయన కాగితం, పెన్ను తీసుకుని నన్ను వెంట రమ్మన్నాడు. పంచాయతీ మెట్ల దగ్గర ఎప్పటిలా నలుగురు కూర్చుని ఉన్నారు. అమ్మ ఇంట్లో చెప్పి పంపిన నంబరు నొక్కి, సిగ్నలు సరిగ్గా అందడానికి పై మెట్టు మీద నిలబడి, నాకు కూడా వినిపించాలని స్పీకరు పెట్టాడు. నాకే కాదు, ఆ నలుగురికీ వినిపించింది. వాళ్లు బీడీలు పక్కన పెట్టి మరీ విన్నారు.

"తమ్మీ, నేను," అన్నాడు నాయన.

"అన్నా... ఏమైంది? అందరు మంచిగున్నరా? వదినె మంచిగున్నదా?"

"మంచిగున్నరు. కాలేజీ పని మీద చేస్తున్న. ఒకటడుగుత, చెప్పు. పిల్ల రాస్తది." నాయన గొంతు సవరించుకుని, అచ్చు సారులా అడిగాడు. "నువ్వు ఊరెందుకు ఇడిచినవ్?"

"గిప్పుడెందుకన్నా గది?"

"మార్కులున్నయి. చెప్పు."

చిన్నాయన ఆలోచించాడు. "ఎందుకంటే... ఎండ పడకపోతుండె అన్నా నాకు. చేన్లకు పోతే నిద్రొస్తుండె. నీడపట్టున చేసే పని కావాల్నని ఉండె. దోస్తు రమ్మన్నడు, పోయిన. గంతే."

"నేను తిట్టిననని కాదా?"

"ఎప్పుడు తిట్టినవ్?"

"గొర్రు ఇరగ్గొట్టిననాడు."

"గొర్రు నేను ఇరగ్గొట్టిన్నా?" చిన్నాయన నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "అన్నా, నువ్వు దినాం తిట్టేటోనివి గద. ఏ దినం దేనికి తిట్టినవో యాది పెట్టుకుంటనా?"

మెట్ల మీది నలుగురిలో ఒకాయన దగ్గు వచ్చినట్టు నటించాడు. నాయన ముఖం చూస్తే నాకు జాలేసింది. ఇన్నేళ్లుగా తన మాటకే తమ్ముడు ఊరు విడిచాడని అనుకుంటూ బతికాడు. ఆ కోపం తనదే, ఆ కథ తనదే, అందులో తనకొక పెద్ద పాత్ర ఉండేది. ఇప్పుడు చూస్తే ఆ కథలో తను లేనే లేడు.

"మరి ఇన్నేండ్ల సంది ఫోన్ ఎందుకు చెయ్యలే?" అన్నాడు చివరికి.

"నువ్వు చెయ్యకపోతివి. అన్నకు దేని మీదనో కోపమున్నది, తగ్గినంక చేస్తడులే అని నేను ఊకున్న."

ఆ తర్వాత వాళ్లు కంది ధర గురించీ, చిన్నాయన మోకాలి నొప్పి గురించీ మాట్లాడుకున్నారు. అది అసైన్‌మెంటుకు అవసరం లేదు గనక నేను రాయలేదు.

ఇంటికొచ్చాక నాయన పెన్ను పట్టుకోలేదు. "నువ్వే రాయ్, నేను చెప్త," అన్నాడు. ఒకటో కారణం, చేను పని నచ్చక. రెండో కారణం, నీడపట్టున చేసే పని కోసం. మూడో కారణం, దోస్తు పిలిచినందుకు. అక్కడ ఆగాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాను, లేదన్నాడు. నేను కాగితం మడుస్తుంటే మళ్లీ పిలిచాడు.

"అన్న కారణం కాదు అని గూడ రాయ్."

"నాయనా, కారణాలే అడిగిన్రు. కారణం కానివి అడగలే."

"అడగకున్న రాయ్ బిడ్డా."

రాశాను. సోమవారం పొద్దున ఆటో నిండేలోపు ఏడుగురమూ దాన్ని దించుకున్నాం. ఈసారి అందరూ చదివి మరీ రాశారు. ట్యాలీ చివరి లైను దగ్గర ఆగి, గిది అవసరమా అని అడిగాడు. ఉండనీ అన్నాను. బెంజీన్ అక్క ఏమీ అడగకుండా, అందరికన్నా శుభ్రంగా రాసింది. వారం తర్వాత కాగితాలు తిరిగి వచ్చాయి. పాసయ్యాం, అంతకన్నా గొప్పగా ఏమీ కాలేదు. 'అన్న కారణం కాదు' అన్న వాక్యాన్ని సారు ఏడు కాగితాల్లోనూ ఎర్ర కలంతో కొట్టేసి, పక్కన 'అనవసరం' అని రాశారు. సార్లు అలాగే రాయాలి, ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతూ నేనూ అలాగే రాస్తున్నాను.

ఆ సాయంత్రం నాయన ఎద్దులకు మేత వేస్తూ, నా వైపు చూడకుండానే అడిగాడు. "ఆ చివరి లైనుకు ఎంతిచ్చిండు సారు?"

"దానికే ఎక్కువ ఇచ్చిండు నాయనా," అన్నాను.

నాయన తల ఊపాడు. "సారుకు సమజైంది," అని, మిగిలిన మేత వేయడం పూర్తి చేసి, చేతులు దులుపుకుంటూ, "పొద్దుగాల ఆటోవాడు జల్దీ పోతుండు, తొందరగ లెవ్వు," అన్నాడు. కంది చేను మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. అప్పటి నుంచి ఎన్ని వందల కాగితాలు దిద్దానో, ఎవరికి ఎంత వేయాలో అన్న దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఆ సాయంత్రం నాయన లైనుకు రెప్ప వేయకుండా మార్కులు వేసేసిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. అంత సరిగ్గా నేను మళ్లీ ఎవరికీ వేయలేకపోయాను.